కోరంగి మడ అడవి, గోదావరి మొగ: సముద్రం పెరగడం ఒక్కటే కాదు సమస్య

తాళ్లరేవు వైపు నుంచి మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. గౌతమి పాయల్లో మండపీత, రొయ్య, కత్తిపరిగె చేప తగ్గిపోవడం వాతావరణ మార్పు వల్లేనా? సముద్ర మట్టం పెరిగితే కోరంగి మడ అడవి మునిగిపోతుందా? మీ రొయ్యల చెరువు గట్టు బయట మడ మొక్కలు నాటితే ఏమైనా ఉపయోగముందా? గోదావరి మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, చాలాకాలం నీటి నమూనాలు తీసి, వలల్లో పడ్డవి లెక్కపెట్టి బతికినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

ముందు సూటిగా జవాబులు. చేప, పీత తగ్గడంలో వేడి వాటా ఉంది, కానీ మీ పాయల వరకు అదే పెద్ద దోషి కాదు. అడవి మొత్తం ఒకేసారి మునగదు. కొన్నిచోట్ల కోసుకుపోతుంది, కొన్నిచోట్ల చౌడెక్కి ఎండిపోతుంది, కొన్నిచోట్ల పెరుగుతుంది కూడా. మొక్కలు నాటడం సంగతి మీ నేల ఎత్తును బట్టి ఉంటుంది. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

గోదావరి మొగ ఎలా పనిచేస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, లెక్క కుదరడానికి రెండు మాటలు. ధవళేశ్వరం దిగువన నది గౌతమిగా, వశిష్టగా చీలుతుంది. గౌతమి నుంచి కోరంగి పాయ, గాడేరు విడిపోయి మడ అడవిలోంచి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు కోరంగి ప్రాంతం ఈ పాయల మధ్యే ఉంది. దానికి సముద్రం వైపు అడ్డుగోడలా, దక్షిణం నుంచి ఉత్తరానికి సాగిన ఇసుక తిన్నె హోప్ ఐలాండ్. ఏడాదిలో నదికి వచ్చే నీటిలో అత్యధిక భాగం వానాకాలం నాలుగు నెలల్లోనే వస్తుంది. ఆ నాలుగు నెలలూ పాయల్లో మంచినీరు, ఎర్రనీరు. మిగతా కాలం పోటుతో సముద్రం లోపలికి వస్తుంది, పాటుతో వెనక్కి పోతుంది. ఎండాకాలంలో ఆనకట్ట దగ్గరున్న నీరంతా కాలవలకు పోతుంది కాబట్టి దిగువకు దాదాపు ఏమీ రాదు. మే నెలలో అడవి మధ్య పాయలో నీరు నోట్లో పోసుకుంటే సముద్రపు ఉప్పే. గుంటల్లో నిలిచిన నీరైతే సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది.

ఇందులో మనం గమనించాల్సినవి మూడు: పైనుంచి వచ్చే మంచినీరు, దానితో వచ్చే ఒండ్రు, కింద సముద్రం ఎత్తు. వాతావరణ మార్పు మూడింటినీ తాకుతుంది. మన బ్యారేజీలు, జలాశయాలు మొదటి రెంటినీ ఇంకా గట్టిగా తాకాయి. అందుకే ‘అంతా భూమి వేడెక్కడం వల్లే’ అని ఎవరైనా చేతులు దులుపుకుంటే నాకు కోపం వస్తుంది. ‘వాతావరణ మార్పు ఒట్టి మాట, అంతా డ్యాముల వల్లే’ అంటే కూడా అంతే. రెండూ కలిసి పనిచేస్తున్నాయి, అవి కలిసిన చోటే నష్టం ఎక్కువ.

సముద్ర మట్టంతో మొదలుపెడదాం. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక ప్రకారం ఉత్తర హిందూ మహాసముద్రం 1990ల తర్వాత ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్లు పెరుగుతోంది. అంతకు ముందు శతాబ్దంలో ఏటా ఒకటి నుంచి ఒకటిమ్ముప్పావు మిల్లీమీటర్లే. మూడు మిల్లీమీటర్లంటే నవ్వొస్తుంది. కాకినాడలో పున్నమికీ అమావాస్యకీ పోటు పాటు మధ్య తేడా మీటరున్నర దాకా ఉంటుంది కదా, ఈ మిల్లీమీటర్లు ఎవరికి తెలుస్తాయి? ముప్పై ఏళ్లకు పది సెంటీమీటర్లు. డెల్టా నేల వాలు ఎంత తక్కువో మీకు తెలుసు. ఆ పది సెంటీమీటర్లు నిలువునా కాకుండా అడ్డంగా చూడండి: పెద్ద పోటు ఇంకో పొలం దాటి వస్తుంది. కోనసీమ డ్రెయిన్లు పోటు ఉన్నంతసేపూ సముద్రంలోకి దిగవు, వరి చేలో నీరు ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలుస్తుంది. బోరులో ఉప్పు తగులుతుంది. తుఫాను ఉప్పెన వచ్చిన రోజు, ఆ పది సెంటీమీటర్లు ఎత్తున్న సముద్రం మీంచి వస్తుంది.

మడ అడవి మాత్రం ఈ పెరుగుదలకు చేతులు ముడుచుకుని కూర్చోదు. దీనికి దాని దగ్గర ఓ ఉపాయం ఉంది: పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ల మధ్య నీటి వేగం తగ్గి ఒండ్రు దిగుతుంది, కింద వేళ్లు పెరిగి మట్టిని ఉబ్బిస్తాయి. అలా నేలే కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. సముద్రం మెల్లగా పెరిగితే అడవి దాంతోపాటు లేస్తుంది. ప్రపంచంలో చాలా తీరాల్లో వేల ఏళ్ల కిందటి మడ మట్టిని తవ్వి చూసి 2020లో శాస్త్రవేత్తలు ఒక హద్దు చెప్పారు. నేలతో పోల్చి చూస్తే సముద్రం ఏటా సుమారు 6 మిల్లీమీటర్లకు మించి పెరిగినప్పుడు మడ అడవులు నిలదొక్కుకోలేకపోయాయని వారు తేల్చారు. మనం ఇంకా ఆ హద్దు కిందే ఉన్నాం అనిపిస్తుంది. కానీ ‘నేలతో పోల్చి’ అన్న చోట ఆగాలి. డెల్టా నేల తనంతట తానే కుంగుతుంది. ఒండ్రు దాని బరువుకే అణుగుతుంది. ఏటా కొత్త ఒండ్రు పడుతూ ఉంటే ఆ కుంగుడు పూడుతుంది, లేకపోతే పూడదు. సముద్రం 3 మిల్లీమీటర్లు లేచి, నేల ఇంకో రెండు మూడు దిగితే మడ చెట్టుకు అది ఐదారు మిల్లీమీటర్ల కింద లెక్క. గోదావరి, కృష్ణా డెల్టాలు కుంగుతున్న డెల్టాల జాబితాలో ఉన్నవే.

ఇప్పుడు ఆ కొత్త ఒండ్రు లెక్క. గోదావరి నీటిలో కొట్టుకొచ్చే మట్టి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు ఉండేది. 1990ల నాటికి అది 5.7 కోట్ల టన్నులకు దిగింది, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రజ్ఞులు 2004లో ఈ లెక్క కట్టి, డెల్టా అంచు కోత పెరగడానికి దీన్నే ప్రధాన కారణంగా చూపించారు. ఎగువన జాయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాలు, ఉపనదుల మీద లెక్కలేనన్ని చిన్నా పెద్దా ఆనకట్టలు ఆ మట్టిని ఆపేశాయి. పోలవరం పూర్తయి నిండితే ఇంకొంత ఆగుతుంది. దాన్ని కట్టాలా వద్దా అన్నది ఇక్కడి చర్చ కాదు. కట్టినవాళ్లు దిగువన మొగ దగ్గర మట్టి ఎంత తగ్గుతుందో, దానికి ఏం చేస్తారో కూడా చెప్పాలి అన్నంతవరకే నా మాట.

కాబట్టి అడవి మునుగుతుందా అన్న ప్రశ్నను ‘మట్టి అందుతుందా’ అని మార్చి అడిగితే మీ కళ్ల ముందు జరుగుతున్నది అర్థమవుతుంది. గాడేరు, కోరంగి పాయల గట్ల వెంట, అఖాతం లోపలి వైపున ఇంకా బురద పడుతోంది. అక్కడ కొత్త మడ పుట్టుకొస్తోంది, అఖాతమే మేట వేసి లోతు తగ్గుతోంది. గౌతమి మొగకు దక్షిణాన, నేరుగా అలలు కొట్టే అంచున మాత్రం నేల కోసుకుపోయి చెట్లు వేళ్లతో సహా పడిపోతున్నాయి. ఒకే అడవికి ఒక పక్క లాభం, ఇంకో పక్క నష్టం. ఉపగ్రహ చిత్రంలో మొత్తం విస్తీర్ణం మాత్రమే చూసి ‘పెరిగింది’ అనో ‘తగ్గింది’ అనో రాసే వార్తలను నేను పెద్దగా పట్టించుకోను.

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరం కోసుకుపోతున్న సంగతి మీరు అడగలేదు గానీ ఇది చదివేవాళ్లు తప్పకుండా అడుగుతారు. ఆ కోతకు సముద్రం పెరగడం ఒక కారణమే. హోప్ ఐలాండ్ తిన్నె ఉత్తరానికి పెరిగేకొద్దీ, దక్షిణం నుంచి తీరం వెంట కదిలి రావాల్సిన ఇసుక ఆ తిన్నె దగ్గరే ఆగిపోతుంది. అలలు వంగి వచ్చి ఉప్పాడ దగ్గర గుమిగూడతాయి. పైగా నది తెచ్చే ఇసుకే తక్కువ. తిన్నె లోపల కాకినాడ రేవుకు ప్రశాంతమైన నీరు, తిన్నె దాటాక ఉప్పాడకు కోత. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో జియోట్యూబ్ గోడ కట్టారు, కెరటం దాన్నీ తిన్నది. ఇసుక అందని తీరంలో గోడ కడితే కోత ఆగదు, పక్క ఊరికి జరుగుతుంది.

అడవికి ఇంకో పెద్ద ఇబ్బంది వెనక వైపు ఉంది. సముద్రం పెరిగినప్పుడు మడ అడవి చేసే రెండో పని వెనక్కి జరగడం. విత్తనాలు పోటు నీటిలో తేలి, కొత్తగా ఉప్పు తగిలిన పర్ర నేలలో పడి మొలుస్తాయి. వెయ్యి ఏళ్ల లెక్కలో చూస్తే అడవి నడుస్తుందనే చెప్పాలి. ఇప్పుడు వెనక్కి నడిస్తే ఏముంది? 1990ల నుంచి తవ్విన రొయ్యల చెరువుల గట్లు, రోడ్లు, ఇళ్ల స్థలాలు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది, ఆ తర్వాత 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. కానీ గట్లు గట్లుగానే ఉన్నాయి. 2020లో కాకినాడ పక్కనే దుమ్ములపేట దగ్గర ఇళ్ల పట్టాల కోసం మడ నేల పూడ్చిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ముందు నుంచి సముద్రం, వెనక నుంచి గట్టు. మధ్యలో అడవి ఏటా కాస్త సన్నబడుతుంది.

చెట్ల రకాలూ మారుతున్నాయి. తెల్లమడ ఎంత ఉప్పునైనా తట్టుకుంటుంది. మంచినీరు తగలాల్సిన రకాలు పాయ పైభాగానికి జరుగుతాయి, లేదా పోతాయి. ఎండాకాలం నిడివి పెరిగి, వేడి ఎక్కువై, పోటు సరిగా అందని మిట్టల్లో నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. అక్కడ తెల్లమడ కూడా నడుము ఎత్తు దాటకుండా గిడసబారుతుంది, మరీ ఉప్పు ఎక్కువైతే నేల బోడిగా మిగిలిపోతుంది. అడవి ‘ఉంది’ అని లెక్కలో కనబడుతుంది, కానీ పీతకు, రొయ్యకు, నీటికుక్కకు, చేపల్ని వేటాడే బావురుపిల్లికి అది పాత అడవి కాదు.

ఇక మీ మొదటి ప్రశ్న, వలలో పడేదాని గురించి. ఒక్కొక్క జీవికి ఒక్కొక్క కథ ఉంది, అన్నిటినీ ఒకే గాటన కట్టలేం.

రొయ్యను తీసుకోండి. టైగర్ రొయ్య గానీ, నారన్ రొయ్య గానీ గుడ్లు పెట్టేది సముద్రంలో. రెండు మూడు వారాల్లో వెంట్రుకంత పిల్లగా మారి పోటుతో పాయల్లోకి వస్తుంది. మడ వేళ్ల మధ్య కొన్ని నెలలు తిని పెరిగి, వరదనీరు ఉప్పును తగ్గించే వేళకు సముద్రానికి తిరిగి పోతుంది. మండపీతది దాదాపు ఇదే దారి, కాకపోతే తల్లి పీత గుడ్లతో సముద్రంలోకి వెళ్తుంది, పిల్లలు తిరిగి వస్తాయి. బొంత, కత్తిపరిగె, పండుగప్ప పిల్లలు కూడా సముద్రం నుంచి వచ్చి ఇక్కడే పెరుగుతాయి. అంటే మొగ తెరిచి ఉండాలి, పాయలో నీరు కదలాలి, ఉప్పు ఒక క్రమంలో పెరిగి తగ్గాలి. వాన ఆలస్యమైతే ఆ క్రమం వెనక్కి జరుగుతుంది. వాన ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉప్పు రెండు రోజుల్లో సున్నాకు పడుతుంది.

2022 జూలై గుర్తుందా? భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వెళ్లింది. 1986 ఆగస్టు వరద దీనికంటే పెద్దది, 35 లక్షల క్యూసెక్కులు. కాబట్టి ఇంత నీరు ఎన్నడూ రాలేదని కాదు. కానీ జూలై మధ్యలోనే అంత వరద రావడం అరుదు. భారీ వానలు తక్కువ రోజుల్లో ఎక్కువగా పడటం, మధ్యలో పొడి రోజులు పెరగడం మధ్య భారతంలో 1950ల నుంచి కనబడుతున్న మార్పే. గోదావరి నీరు వచ్చేది అక్కడి నుంచే. అలాంటి వరదలో ఈదగలిగినవి సముద్రంలోకి పారిపోతాయి. ఈదలేనివి, అంటే కాకినాడ అఖాతం అడుగున ఉండే గుల్లలు, ఆలిచిప్పలు, రోజుల తరబడి మంచినీటిలో మూతి మూసుకుని ఓర్చుకుంటాయి. ఎక్కువ రోజులైతే చస్తాయి, దానిమీద బురద మేట పడితే మిగిలినవీ పోతాయి. సముద్రం ఆమ్లం వైపు జరుగుతోంది, గుల్లలు పలచబడతాయి అని ఇప్పుడు ఎక్కువగా వినబడుతోంది. అది నిజమే, పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి మహాసముద్రాల పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 0.1 తగ్గింది. కానీ మొగ దగ్గర పీహెచ్ ఒక్క పోటు పాటులోనే అంతకంటే ఎక్కువ ఊగుతుంది. కాకినాడ గుల్లకు ఈరోజున్న గండం బురద, ఆకస్మిక మంచినీరు, అడుగంటా దువ్వే వలలు. ఆమ్లం రేపటి గండం.

వేడి సంగతి. ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితల ఉష్ణోగ్రత 1951 నుంచి 2015 మధ్య ఒక డిగ్రీ పెరిగింది. ప్రపంచ సగటు కంటే ఇది ఎక్కువ. లోతైన సముద్రంలో చేప కిందికో ఉత్తరానికో జరిగి తప్పించుకుంటుంది. మోకాలి లోతు పాయలో పాటు సమయంలో మిట్టమధ్యాహ్నం అలా జరగడానికి చోటుండదు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ: 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగితే 30 డిగ్రీల్లో 7.5 మాత్రమే, ఉప్పు నీటిలో ఇంకా తక్కువ. అదే సమయంలో వేడికి చేప ఊపిరి వేగం పెరుగుతుంది, కుళ్లుడు పెరుగుతుంది. దానికి తోడు చెరువుల నుంచి అడుగు బురద, మేత వ్యర్థం పాయలోకి వదిలితే తెల్లవారుజామున పాయలో ఊపిరి అందదు. నోరు తెరుచుకుని పైకి తేలే చేపలు మీరూ చూసే ఉంటారు. వేడినీటిలో జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియా వేగంగా పెరుగుతుందని రొయ్య రైతుకు చెప్పక్కర్లేదు. అదే పాయలో పెరిగే పీత పిల్లకూ తగులుతుంది, దానికి మందు పోసేవాడు లేడు.

సముద్రం వైపు చూస్తే మార్పు ఇంకా స్పష్టం. ఒకప్పుడు కేరళ, కర్ణాటక తీరాల చేపగా పేరున్న నూనె కవ్వలు 1980ల తర్వాత మన తూర్పు తీరంలోనూ చెప్పుకోదగ్గంతగా పడుతున్నాయి. కానాగంతలు ఉత్తరానికి, కాస్త లోతుకు విస్తరించాయి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు దీన్ని వేడెక్కడంతో ముడిపెట్టి రాశారు. చెన్నై తీరంలో నెమిప్టెరస్ జాతి చేపల గుడ్లు పెట్టే కాలం వేసవి వైపు నుంచి అక్టోబరు–మార్చి వైపు జరిగిందని కూడా వాళ్లే చూపించారు. మనకు దీనివల్ల ఒక చిక్కు ఉంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం జరిగిపోయి నిషేధం అక్కడే ఉండిపోతే, మనం ఆపిన రోజులకూ ఆ చేప అవసరానికీ పొంతన ఉండదు. అన్ని చేపలూ అలా జరిగాయని కాదు. ఏ జాతి ఎప్పుడు గుడ్లు పెడుతోందో రేవుల్లో క్రమంగా చూసి నిషేధ తేదీలు సరిచూసుకునే పద్ధతి రావాలంటాను. తేదీలు మారిస్తే వేట ఆపినందుకు ఇచ్చే పరిహారం రోజుల లెక్క మారుతుందని ఎవరూ ఆ జోలికి పోరు.

పులస లేకుండా గోదావరి గురించి మాట్లాడితే ఒప్పుకోరు కదా. నదికెక్కాక పులస అనిపించుకునే ఇలస సముద్రంలోంచి ఎర్రనీటి వాసన పట్టుకుని జూలై నుంచి ఎదురీదుతుంది. 1852 నాటికి కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచే దాని దారి ధవళేశ్వరం దగ్గర తెగింది. అది వాతావరణ మార్పు కంటే చాలా పాతది. దానిమీద వేట ఎక్కువ, మొగల దగ్గరే వలలు కడతారు. ఇప్పుడు ఎర్రనీరు ఎప్పుడొస్తుందో చెప్పలేని పరిస్థితి దీనికి తోడైంది. ఒక ఏడు వానలు ఆలస్యమై ఆగస్టు దాకా నది దిగదు, ఇంకో ఏడు జూలైలోనే ముంచెత్తుతుంది. పులస ధర వేలల్లో పలకడం చూసి సంతోషించేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. అది కరువు ధర.

హోప్ ఐలాండ్ తాబేళ్ల గురించి కూడా చెప్పి తీరాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శీతాకాలం చివర, జనవరి నుంచి మార్చి దాకా ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. 29–30 డిగ్రీల దగ్గర సమానంగా పుడతాయి. 32 దాటితే దాదాపు అన్నీ ఆడవే, ఇంకా పెరిగితే గుడ్డులోనే చస్తాయి. మార్చి నెలలో ఇప్పుడు ఎండలు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. అటవీ శాఖ గుడ్లను ఏరి కంచె వేసిన హ్యాచరీల్లో పూడ్చడం మంచి పనే, నక్కలు, కుక్కల నుంచి కాపాడుతుంది. కానీ ఆ హ్యాచరీ మీద కొబ్బరాకు నీడ వేయకపోతే అన్నీ ఆడపిల్లలే తయారవుతాయి. ఖర్చు లేని పని అది. దీనికంటే పెద్ద గండం ట్రాల్ బోట్ల వలల్లో చిక్కి చనిపోవడం అన్నది మాత్రం మారలేదు. శీతాకాలంలో ఉత్తరాది నదుల నుంచి వచ్చి కాకినాడ దగ్గరి కుంభాభిషేకం బురదమేటల మీద వాలే ఇండియన్ స్కిమ్మర్ పక్షులదీ ఇలాంటి కథే. పోటుకు కొద్దిగా బయటపడి ఉండే ఇసుక దిబ్బ వాటికి కావాలి. పది సెంటీమీటర్లు అక్కడ చాలా ఎక్కువ.

తుఫాన్ల గురించి ఒక్క మాట. 1839 నవంబరు తుఫాను కోరంగి రేవును తుడిచిపెట్టింది, ఆ రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ కొబ్బరి నేలకొరిగింది. 2018 డిసెంబరులో పెథాయ్ ఇక్కడే తీరం దాటింది. కాబట్టి తుఫాన్లు మనకు కొత్త కాదు, ప్రతి తుఫానునూ వాతావరణ మార్పు ఖాతాలో వేయడం తప్పు. వేడి సముద్రం మీద తుఫాను త్వరగా బలపడుతుంది, ఎక్కువ వాన మోస్తుంది, ఎత్తైన సముద్రం మీంచి ఉప్పెన వస్తుంది. ఇంతవరకు గట్టిగా చెప్పొచ్చు. దట్టమైన మడ ఉన్నచోట అలల దెబ్బ తగ్గుతుంది. ఉప్పెన ఎత్తును పూర్తిగా ఆపుతుందని మాత్రం నమ్మించకండి. తుఫాను హెచ్చరిక వస్తే అడవి ఉంది కదా అని ఊళ్లో కూర్చోకూడదు.

ఇక మూడో ప్రశ్న, మీ చెరువు గట్టు బయట మొక్కలు.

మడ నాటడం ఇప్పుడు ఫ్యాషన్ అయింది. 2023 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవులు పెంచే మిష్టి పథకం ప్రకటించాక డబ్బు కూడా వస్తోంది. నాటిన లక్షల మొక్కల లెక్క పేపర్లో పడుతుంది, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో పడదు. ఎక్కువగా చచ్చేది ఒకే కారణానికి: సులువుగా దొరికే చోటని పాటుకు బయటపడే పల్లపు బురదమేట మీద నాటుతారు. అక్కడ మడ సహజంగా మొలవదు. మొలిచే నేలైతే విత్తనం తనే వచ్చేది. పైగా ఆ బురదమేట గుల్లలది, పక్షులది, దాన్ని ఆక్రమించడం ఇంకో నష్టం.

కాబట్టి ముందు మీ గట్టు బయట చూడండి. తెల్లమడ పిలకలు వాటంతటవే వస్తున్నాయా? వస్తుంటే నాటాల్సిన పనే లేదు. గేదెలు, ఆవులు తొక్కకుండా, మేయకుండా రెండేళ్లు కాపాడితే చాలు. రాకపోతే ఎందుకు రావడం లేదో కనుక్కోండి. చాలాచోట్ల కారణం నీరు కదలకపోవడం. ఎవరో వేసిన గట్టు, బాట, పూడిపోయిన పిల్లకాలవ పోటును ఆపేసి ఉంటుంది. పోటు లోపలికి రాని మిట్ట నేల చౌడెక్కి ఉంటుంది. దానికి మందు మొక్క కాదు, కాలవ. మన అటవీ శాఖ గోదావరి, కృష్ణా మడ అడవుల్లో ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ సాంకేతిక సాయంతో చేసిన చేపముల్లు కాలవల పద్ధతి అలాంటిదే. ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలవలు. పోటు పాటుకు నీరు ఆడి ఉప్పు కడిగేస్తే, ఆ కాలవ అంచుల్లో నాటిన మొక్క నిలుస్తుంది, తర్వాత విత్తనం తానే వస్తుంది.

ఎత్తు తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. ఒక అమావాస్య పోటుకు నీరు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కర్ర పాతండి. అష్టమి పోటుకు ఎక్కడిదాకా వచ్చిందో ఇంకో కర్ర. ఆ రెండు కర్రల మధ్య నేలలో నాటండి. అందులో సముద్రం వైపు తెల్లమడ, పాయ అంచు మెత్తటి బురదలో ఉప్పుపొన్న, పైన గట్టు దగ్గర తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం కాబట్టి పిల్లలు తిరిగే చోట వద్దు. వరద తీసిన తర్వాత నేలలో ఉప్పు తక్కువున్నప్పుడు నాటితే వేరు పట్టుకుంటుంది. అదే సమయంలో మీ చెరువు అడుగు బురదను నేరుగా పాయలోకి వదలకుండా ఒక గుంటలో నిలవేసి తేర్చి వదిలితే, మొక్కకంటే ముందు పీత లాభపడుతుంది.

దీనికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇంకోటి ఉంది, మీకు నచ్చకపోవచ్చు. మీ చెరువుల్లో అన్నిటికంటే పల్లంగా, ఏటా ఉప్పెక్కి, జబ్బులతో నష్టం తెచ్చేది ఒకటి ఉంటుంది. దాని పాయ వైపు గట్టుకు రెండు మూడు చోట్ల గండి కొట్టి వదిలేయండి. నాలుగైదేళ్లలో అది మడ నేల అవుతుంది, వెనకున్న మీ మిగతా చెరువుల గట్లకు అలల దెబ్బ తగ్గుతుంది. అడవికి వెనక్కి జరగడానికి చోటు దొరకాలంటే ఇలాంటి ముక్కలు ఊరూరా కావాలి. ప్రభుత్వం అలా వదిలిన భూమికి ఏటా ఇంత అని ఇస్తే ఒప్పుకునే రైతులు ఉన్నారని నా అనుభవం. మొక్కల లెక్కకు పెట్టే డబ్బు దీనికి మళ్లిస్తే మంచిది. అలాగే ఏప్రిల్, మే నెలల్లో బ్యారేజీ నుంచి కొంత నీరు తప్పనిసరిగా దిగువకు వదలాలని మీ మత్స్యకార సహకార సంఘం తరఫున జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో అడగండి. అక్కడ రైతుల మాట వినబడుతుంది, పాయ మీద బతికేవాడి మాట చాలా తక్కువగా వినబడుతుంది.

గండి కొట్టే ముందు, కాలవ తవ్వే ముందు ఆ నేల అభయారణ్యం హద్దులోదో, రిజర్వు అడవిదో, పోరంబోకో, మీ పట్టాదో సర్వే నంబరుతో తహసీల్దారు కార్యాలయంలో చూసుకోండి. అభయారణ్యం హద్దు లోపల అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పార కూడా వేయకూడదు. నేల కొలతలు, రెండు కర్రల దూరం, వేసవిలో పాయ నీటి ఉప్పు ఎంతో రాసి పెడితే ఏ రకం ఎక్కడ నాటాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.